లోపలి గదిలో తవిటయ్య

గురువుగారి ఆశ్రమంలో ఒక కట్టుబాటు ఉండేది. దుఃఖంలో ఉన్నవాళ్లు ఎవరైనా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండవచ్చు. కానీ సాయంత్రం అందరూ కూడినచోట ఎవరైనా లేచి తమ కష్టం చెప్పబోతే మాత్రం ఆయన చెయ్యెత్తి ఆపేసేవారు. కొత్తగా చేరిన లోకనాథానికి ఇది మింగుడుపడలేదు. అతను కాలేజీలో మనస్తత్వశాస్త్రం బోధించి వచ్చినవాడు. కొడుకును పోగొట్టుకున్న ఒకామెను గురువుగారు అలాగే కూర్చోబెట్టేయడం చూసి, ఉండబట్టలేక అడిగాడు.

"స్వామీ, బాధ పైకి చెప్పుకుంటే తేలికపడుతుందంటారు. ఆమెను చెప్పనిస్తే ఏం పోతుంది?"

గురువుగారు వాదించలేదు. "హాస్యనటుడు తవిటయ్యను సినిమాల్లో చూశావు కదా. నువ్వు రాకముందు ఆయన చాలాకాలం ఇక్కడే ఉన్నాడు" అని మొదలుపెట్టి ఈ సంగతి చెప్పారు.

బమ్మిడి తవిటయ్యది శ్రీకాకుళం జిల్లా. నాటకాల్లోంచి సినిమాల్లోకి వెళ్లి, తెరమీద కనబడితే చాలు జనం నవ్వే స్థితికి చేరాడు. ఒక్కగానొక్క కూతురు ఈశ్వరి బడికి వెళ్లే వయసులోనే నెత్తురు జబ్బుతో పోయింది. ఆ తర్వాత కూడా తవిటయ్య సినిమాలు మానలేదు. కూతురి ఊసు బయట ఎత్తేవాడు కాదు, ఎవరినీ ఎత్తనిచ్చేవాడు కాదు.

ఆ రోజుల్లో టీవీలో 'లోపలి గది' అనే కార్యక్రమం నడిచేది. నడిపే ఆమె పేరు కౌముది. పేరున్న వాళ్లంతా ఆమె ఎదుట సోఫాలో కూర్చున్నవాళ్లే. తండ్రి శవాన్ని చూడటానికి కూడా వెళ్లని సంగతి ఒక మంత్రి అక్కడే చెప్పి వెక్కివెక్కి ఏడ్చాడు. ఒక పాతతరం కథానాయిక, ఎవరికీ తెలియని తన మొదటి పెళ్లి గురించి అక్కడే బయటపెట్టింది. కౌముది ఎవర్నీ గద్దించి అడిగేది కాదు. మెత్తగా ఒక ప్రశ్న వేసి ఊరుకునేది. ఆ మౌనం భరించలేక ఎదుటివాళ్లే మాటలతో నింపేవాళ్లు. వాళ్లతోపాటు ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగేవి. అది నటన కాదు.

కొత్త సినిమా ప్రచారం కోసం తవిటయ్య ఆ కార్యక్రమానికి వెళ్లవలసి వచ్చింది. కూతురి గురించి అడగకూడదని ముందే మాట తీసుకున్నాడు. కౌముది ఆ మాట తప్పలేదు. నవ్వులతో గంటసేపు గడిచాక, చివర్లో ఒక్క ప్రశ్న వేసింది.

"మీ హాస్యానికి అందరికంటే ఎక్కువగా నవ్విందెవరండీ?"

అడిగి ఊరుకుంది. తవిటయ్య చేతులు చూసుకున్నాడు. నీళ్లు తాగాడు. "మా పిల్ల" అన్నాడు.

ఇక ఆగలేదు. ఆసుపత్రిలో పిల్ల నొప్పి ఓర్చుకోలేక మూలుగుతుంటే, పిల్ల నాయనమ్మ పొద్దుగూకే వేళ కోళ్లను గూట్లోకి తోలుతూ ఎలా తిట్టేదో చేసి చూపించేవాడట. ఒక్కో కోడికీ ఒక్కో తిట్టు. అది ఏ సినిమాలోనూ చేయలేదు. ఇంట్లో ముగ్గురికే తెలిసిన ఆట. ఆఖరి రోజు కూడా పిల్ల అదే చేయమంది. చేశాడు. నవ్వింది. నవ్వుతూనే అలసిపోయి కళ్లు మూసుకుంది.

కౌముది ముందుకు వంగి ఆయన చేతిమీద చెయ్యి వేసింది. "ఒక్కసారి... ఈశ్వరి కోసం చేస్తారా?" అంది.

తవిటయ్య లేచి చేశాడు. సగంలో గొంతు పూడుకుపోయింది. చూస్తున్నవాళ్లంతా ఏడుస్తూ చప్పట్లు కొట్టారు.

మర్నాటికి అది ఊరూరా ఫోన్లలో తిరిగింది. షూటింగుకు వెళితే లైట్లవాళ్లు జాలిగా చూశారు. సన్మానసభకు పిలిచినవాళ్లు, "అమ్మాయికి చేసి చూపించారే, అది చేయండి" అని అడిగారు. కాదంటే పిల్లను అవమానించినట్టు అవుతుందేమోనని చేశాడు. మళ్లీ అడిగారు, మళ్లీ చేశాడు. వీధిలో పిల్లలు కూడా కోళ్లను తిట్టడం నేర్చుకున్నారు. హాస్యపాత్రలు తగ్గిపోయాయి. ఆయన తెరమీదికి వస్తే జనం నవ్వడం మాని "అయ్యో" అంటున్నారని నిర్మాతలు వాపోయారు.

ఆయన భార్య నరసమ్మ చాలా రోజులు ఏమీ అనలేదు. ఒకసారి అన్నం వడ్డిస్తూ, పక్కింట్లో ఎవరి ఫోనులోంచో ఆ కోళ్ల తిట్లు వినబడితే, గరిటె గిన్నెలో పెట్టేసింది.

"అదొక్కటీ మనదనుకున్నాను. అదీ ఇచ్చేసినావా?" అంది.

ఆ మరుసటి ఏడు, 'లోపలి గది'లో మరపురాని ముఖాముఖీలన్నీ కలిపి ఒక ప్రత్యేక కార్యక్రమం చేశారు. తవిటయ్యను మళ్లీ పిలిచారు. పాత దృశ్యం వేసి చూపించారు. మళ్లీ చేయమన్నారు. చేశాడు. తిట్లు ఒక్కటీ తప్పలేదు. గొంతు సరిగ్గా పూడుకుపోవలసిన చోటే పూడుకుపోయింది, కన్నీళ్లు రావలసిన చోటే వచ్చాయి. చప్పట్లు కొట్టారు.

అయిపోయాక మేకప్ గదిలో ముఖం తుడుచుకుంటూ ఉంటే కౌముది వచ్చింది. చాలా గొప్పగా వచ్చిందని చెప్పబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"పిల్ల మొకం అగుపించట్లేదమ్మా నాకు" అన్నాడు తవిటయ్య. "కళ్లు మూసుకుంటే ఆసుపత్రిలో ఆ మంచం అగుపించేది. ఇప్పుడు మీ సోఫా అగుపిస్తంది, మీ లైట్లు అగుపిస్తన్నాయి. చప్పట్లు వినబడతన్నాయి. నవ్వినప్పుడు పిల్ల ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా రావట్లేదు."

కౌముది స్టూలు లాక్కుని కూర్చుంది.

"కళ్లు మూసుకునే ముందు పిల్ల నాతో ఒక మాట అంది. అదొక్కటీ ఎవరికీ చెప్పలేదు, మా ఇంటిదానికి కూడా. అందుకే కాబోలు, ఆ గొంతు మాత్రం ఇంకా ఉంది."

ఆ గదిలో కెమెరా లేదు. చూసేవాళ్లెవరూ లేరు. కౌముది కళ్లనిండా నీళ్లు. మెల్లగా ఆయన చేతిమీద చెయ్యి వేసింది.

"ఏమంది?" అని అడిగింది.

తవిటయ్య నోరు తెరిచాడు. ఆ మాట పెదవులదాకా వచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుని, సగం మేకప్ ముఖంతోనే లేచి బయటికి నడిచాడు. మళ్లీ ఏ కెమెరా ముందూ నిలబడలేదు. నరసమ్మ పోయాక ఇక్కడికి వచ్చి, ఇదంతా ఒక్కసారి నాతో చెప్పాడు. ఆ తర్వాత మనుషులతో మాట్లాడటమే తగ్గించేశాడు. ఎవరైనా దయగా పలకరిస్తే చాలు, లేచి వెళ్లిపోయేవాడు. ప్రాణం పోయేముందు కూడా పెదవులు గట్టిగా బిగించుకునే ఉన్నాడు.

గురువుగారు చెప్పడం ముగించారు. లోకనాథం కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"స్వామీ, అన్నాళ్లు మీ దగ్గర ఉన్నాడు కదా. మీకైనా చెప్పే ఉంటాడు. ఆ పిల్ల ఏమందిట?"

గురువుగారు చెయ్యెత్తారు.

"కౌముది కూడా ఇంత మెత్తగానే అడిగింది నాయనా" అన్నారు.