గుమ్మం కోసం బయల్దేరిన జీపు

వెలగలమెట్ట ఊళ్ళో ఉన్న తెలివినంతా ఒకచోట కుప్ప పోస్తే, అందులో ముప్పాతిక వంతు తమ ఇంటిదేనని ఎర్నాయుడి గట్టి నమ్మకం. మిగిలిన పాతిక వంతుతో ఊరు ఎలా నెట్టుకొస్తోందో పాపం అని జాలి కూడా పడేవాడు. ఆ నమ్మకం ఊరికే రాలేదు. పెద్దన్న గురునాయుడు పట్నంలో ఏ సభ జరిగినా ముందు వరసలో కూర్చుని, విన్న నినాదాన్ని మోసుకొచ్చి ఇంటి గోడ మీద బొగ్గుతో రాసేవాడు. నడిపన్న పోలినాయుడు ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేసేవాడు. వీళ్ళని పెంచిన మేనత్త సూరమ్మ ముగ్గురి తెలివీ తనదేనని సంతకెళ్ళినప్పుడల్లా చెప్పేది.

అలాంటి ఇంట్లో కడగొట్టువాడైన ఎర్నాయుడికి పెళ్ళి కుదిరింది. పిల్ల ముత్యాలు, కొండ మీది చింతగరువు. సంతలో రెండుసార్లు ఇతన్ని చూసి నవ్వింది. మూడో నవ్వు తన ఇంట్లోనే చూడాలని ఎర్నాయుడి ఆశ. పెళ్ళి మగపెళ్ళివారింట్లో చేయడం అక్కడి ఆనవాయితీ. పిల్లని ముందురోజే తెచ్చుకోవాలి. అక్కడే పిల్ల తండ్రి సోమినాయుడు అడ్డం తిరిగాడు.

"ప్రతి ఎన్నికలకీ ఓట్ల పెట్టె మా కొండెక్కుతోంది. రోడ్డే ఎక్కట్లేదు. అర్జీలు రాసి రాసి నా జుట్టు నెరిసింది. మా ఆవిడ పురిటికి డోలీలో దిగింది. నా కూతురు మాత్రం ఆ రాళ్ళ మీద నడిచి దిగదు. శుక్రవారం పొద్దుగూకేలోగా బండి నా గుమ్మం ముందుకు రావాలి. రాలేదా, ట్రాక్టరున్న సంబంధం ఒకటి కాచుకునుంది," అన్నాడు.

అన్యాయమైన మాటేం కాదు. ఎవరి మీద పడాల్సిన కోపమో అది ఎర్నాయుడి పెళ్ళి మీద పడింది, అంతే.

ఇంకేముంది, అన్నదమ్ములు పోయి ఒక పాత జీపు కొనుక్కొచ్చారు. ఎవరో గుత్తేదారు వదిలించుకున్నది. నాలుగు చక్రాలూ లాగుతాయి, కానీ ఒక్కో చక్రం ఒక్కో మూలుగు మూలుగుతుంది. ఖాదర్ మేస్త్రి ఇంజనంతా విప్పి, కడిగి, మళ్ళీ బిగించి నడిచేలా చేశాడు. మిగతా పని కూడా తనే చేసిపెట్టేవాడు గానీ, కూతురింట్లో శుభకార్యం వచ్చి వారం రోజులు ఊరెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ చేయాల్సినవన్నీ చెప్పాడు. బరువు తగ్గించమన్నాడు. రాళ్ళు కడుపుకి తగలకుండా బండి ఎత్తు మూరెడు పెంచమన్నాడు. రాళ్ళదారిలో టైర్ల గాలి కొంచెం తీసి, దిగాక మళ్ళీ పట్టించమన్నాడు. ఇరుక్కుంటే తాడు చెట్టుకి కట్టి లాగమన్నాడు. చివరగా బానెట్ మీద చెయ్యేసి, "ఇది రోడ్డు లేని చోట తిరిగే బండి. అది మర్చిపోకండి," అన్నాడు. గురునాయుడు ఆ మాటని గోడ మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో రాశాడు.

ముందు బరువు. అక్కర్లేనివి ఏవేవని ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చించారు. కప్పు పీకేశారు, ఆకాశం ఉండగా మళ్ళీ కప్పెందుకని. హారన్ పీకేశారు, కొండ మీద ఎవరున్నారు తప్పుకోడానికని. లైట్లు పీకేశారు, వెళ్ళేది పగలే కదా అని. వెనక్కి చూసే అద్దం దగ్గర గురునాయుడు లేచి నిలబడి, వెనక్కి చూసే జాతి ముందుకు పోదని ఉపన్యాసమిచ్చి దాన్ని తన చేత్తోనే విరిచాడు. ఆ ఊపులో బ్రేకు కూడా పోయింది. ఇంత కష్టపడేది వెళ్ళడానికా ఆగడానికా అని పోలినాయుడు అడిగితే అందరూ సబబేనని తలూపారు మరి.

తర్వాత ఎత్తు. ఇంటి వెనక పశువుల శాల పక్కన నాలుగు ఇటుక దిమ్మలు కట్టి, పదిమందిని పిలిచి జీపుని వాటి మీద కూర్చోబెట్టారు. సరిగ్గా మూరెడు. పోలినాయుడు కొలిచి చూసుకున్నాడు. ఇక ఆలస్యమెందుకు, ఒకసారి చింతగరువు దాకా నడిపి చూద్దామని నలుగురూ ఎక్కారు. ఇంజను మొదలైంది, చక్రాలు గాలిలో గిరగిరా తిరిగాయి. కుదుపన్నదే లేదు. ఎత్తు పెంచితే ప్రయాణం ఇంత మెత్తగా ఉంటుందా అని సూరమ్మ ఆశ్చర్యపోయి ఒక కునుకు కూడా తీసింది. చింతగరువు పద్దెనిమిది కిలోమీటర్లు. మీటరు పద్దెనిమిది తిరగగానే ఇంజను ఆపి దిగారు.

సూరమ్మ చుట్టూ చూసింది.

"ఒరే గురువా, కొండ మీద కూడా అచ్చం మన గేదె లాంటి గేదే ఉందిరా."

"మనుషులంతా ఒక్కటే అన్నప్పుడు గేదెలు మాత్రం వేరేటి అత్తా," అన్నాడు గురునాయుడు.

ఎర్నాయుడు జుట్టు దువ్వుకుని, ముత్యాలు ఇల్లు ఎటని గోడవతల మనిషిని అడిగాడు. ఆ మనిషి పక్కింటాయనే. ఆయన నవ్వాపుకుని విషయం విడమరిచి చెప్పేసరికి అరగంట పట్టింది. జీపుని దిమ్మల మీంచి దించారు. కానీ ఆ మీటరు మీద వాళ్ళకి గురి మాత్రం పోలేదు. బండి తప్పు చేసిందేమో గానీ లెక్క తప్పలేదు కదా అన్నాడు పోలినాయుడు.

తాడు దగ్గర ఇంకో చిక్కొచ్చింది. ఇరుక్కున్న చోట చెట్టు లేకపోతే ఎలా? ఇది ఎర్నాయుడికే తట్టింది. అన్నలిద్దరూ వీపు తట్టారు. అంతే, పెరట్లో మునగచెట్టు నరికి, కొమ్మలతో సహా జీపులో వేసుకున్నారు. తగ్గించిన బరువు పోయి పెరిగిన బరువు వచ్చింది.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరారు. ఊరి నుంచి కొండ మొదలు దాకా ఆరు కిలోమీటర్లు డొంకదారే కాబట్టి బండి బాగానే పోయింది. రాళ్ళు మొదలవుతాయని సూరమ్మ టైర్ల గాలి తీయించింది. తీసిన గాలి మళ్ళీ పట్టించాలి కదా, అందుకని ఒక్కో టైరు దగ్గరా బిందె మూతి పెట్టి గాలిని అందులో పట్టి, పైన గుడ్డ బిగించి కట్టింది. ఒలికిపోకుండా ఒళ్ళో పెట్టుకుంది.

తీరా కొండ మొదలుకి వచ్చేసరికి కొంప మునిగింది. అక్కడ రోడ్డుంది.

కొత్త కంకర రోడ్డు, తడి కూడా ఆరలేదు. ఎవరో పెద్దమనిషి పై కొండ మీద ఫొటో దిగాలని ముచ్చటపడ్డాడట. ఏళ్ళ తరబడి అర్జీలకి కదలని రోలరు ఒక్క ఫొటోకి కదిలింది. రోడ్డు తిన్నగా చింతగరువు దాకా పడింది. పోలినాయుడు దూకి చక్రం కింద రాయి పెట్టి బండి ఆపాడు. ఎర్నాయుడికి ఏడుపొచ్చింది. గోడ మీది మాట కళ్ళ ముందు కనబడింది. ఇది రోడ్డు లేని చోట తిరిగే బండి. ఇప్పుడు రోడ్డుంది. ఇక బండెలా వెళ్తుంది? సాయంత్రానికి ముత్యాలు ట్రాక్టరెక్కి పోతుంది.

గురునాయుడు మాత్రం బెదరలేదు. అడ్డంకి ఎదురైతే తొలగించాలి గానీ తలవంచకూడదన్నాడు. ఇంకేముంది, పారా గునపమూ తీశారు. రోడ్డు తవ్వేస్తే రోడ్డుండదు, రోడ్డు లేకపోతే బండి వెళ్తుంది. చింతగరువుకి ఇంకా పన్నెండు కిలోమీటర్లు, అంతా తవ్వాలి. ఎర్నాయుడు అరచేతులు బొబ్బలెక్కేలా తవ్వాడు. మిట్టమధ్యాహ్నానికి జీపంత పొడవున, మోకాలి పైదాకా గొయ్యి అయింది. ఎంతవరకూ పనికొస్తుందో చూద్దామని పోలినాయుడు రాయి తీశాడు. అక్కడ నేల కాస్త ముందుకి వాలుగా ఉంది, పైగా బ్రేకు లేని బండి కదా, జర్రున వెళ్ళి గోతిలో సరిగ్గా అమిరి కూర్చుంది.

అప్పుడే పై నుంచి ఒక ఆటో దిగి గొయ్యి అవతలి గట్టున ఆగింది. అందులో సోమినాయుడు, పక్కన పట్టుచీరలో ముత్యాలు. మగపెళ్ళివారి జాడ లేదని వాళ్ళే వెతుక్కుంటూ వచ్చారు. పన్నెండు కిలోమీటర్లకి అరగంట పట్టిందట. ముత్యాలు ఎర్నాయుణ్ణి చూసి నవ్వబోయి, నాన్న ఉన్నాడని ఆపుకుంది.

గట్టు దాటితే పిల్ల వచ్చేసినట్టే. మూడంగలు. కానీ ఎర్నాయుడు తల అడ్డంగా ఊపాడు.

"మావయ్యా, మీరు బండి గుమ్మం ముందుకు రావాలన్నారు. ఇక్కడ గుమ్మం లేదు. మీ మాట తప్పించి నేను పిల్లని తీసుకుపోతే రేపు నలుగురూ ఏమంటారు?"

అల్లుడి నిజాయితీకి సోమినాయుడి కళ్ళు చెమర్చాయి. కానీ పొద్దు వాలుతోంది, బండి గోతిలో ఉంది, మాట మాటగానే ఉంది. ఎవరికీ దారి తోచలేదు. అప్పుడు ఆటోలోంచి ముత్యాలు నోరు విప్పింది.

"బండి గుమ్మం ముందుకు రాలేకపోతే గుమ్మాన్నే బండి ముందుకు తెస్తే సరి కదా నాన్నా."

ఎర్నాయుడికి ఒళ్ళు పులకరించింది. ముప్పాతిక వంతు తెలివికి ఈ పిల్ల కూడా తోడైతే ఇక ఊళ్ళో ఎవరికీ ఏమీ మిగలదనుకున్నాడు.

అంతే. సోమినాయుడు, పోలినాయుడు గునపంతో ఆటో ఎక్కారు. ముత్యాలు నడవకూడదు గనక ఆటో దిగకుండానే పైకి వెళ్ళింది, దిగకుండానే కిందికి వచ్చింది. ఆటో మీద గుమ్మం, తలుపులతో సహా. ఇల్లు వదిలి వస్తూ తాళం వేయకపోతే ఎలాగని సోమినాయుడు తాళం కూడా వేసుకొచ్చాడు. గుమ్మాన్ని జీపు ముక్కుకి ఎదురుగా, గట్టు మీద నిలబెట్టి రాళ్ళు ఎగదోశారు. సోమినాయుడు తాళం తీశాడు. ముత్యాలు ఆటోలోంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి జీపులోకి ఎక్కింది. సూర్యుడు ఇంకా కొండ మీద జానెడు ఎత్తున ఉన్నాడు. సోమినాయుడు తలుపు దగ్గరగా వేసి వచ్చి, మాట నిలబడిందని అల్లుణ్ణి కౌగిలించుకుని, ఆటోని వెనక్కి పంపేసి తనూ జీపెక్కాడు.

ఇక ఇంటికి. ఎర్నాయుడు ఇంజను మొదలుపెట్టాడు. చక్రాలు బురదలో జర్రుమని తిరిగాయి, బండి కదల్లేదు. ఇరుక్కుంటే తాడు చెట్టుకి కట్టమన్నాడు కదా మేస్త్రి. తాడు ఒక కొస బండికి కట్టి, రెండో కొస బండిలో ఉన్న మునగచెట్టుకి కట్టారు. అందరూ బండిలోనే కూర్చుని, చెట్టుని పట్టుకుని గట్టిగా లాగారు. చక్రాలు ఇంకా జోరందుకున్నాయి. కుదుపన్నదే లేదు. మీటరు ఒకటి తిరిగింది, రెండు తిరిగింది, ఆరు తిరిగింది.

"ఆరు. ఇల్లొచ్చేసింది," అన్నాడు పోలినాయుడు. ఇంజను ఆపారు.

నిజమే. ఎదురుగా గుమ్మం, దగ్గరగా వేసిన తలుపులు. మన తలుపు ఇంత నునుపుగా ఉందేటని సూరమ్మ సందేహించింది గానీ, పెళ్ళిల్లు కదా, రంగేయించి ఉంటారులే అని గురునాయుడు సర్దిచెప్పాడు. సూరమ్మ గబగబా దిగి తలుపులు బార్లా తెరిచింది. గడప మీద బియ్యం చెంబు పెట్టి కోడలి చేత కాలితో దొర్లించాలి. బియ్యం లేవు, చెంబు లేదు. చేతిలో ఉన్నది గాలి బిందె ఒక్కటే. దాన్నే పెట్టింది.

ముత్యాలు కుడికాలి బొటనవేలితో బిందెని తాకి, గడప దాటి లోపలికి అడుగుపెట్టింది. చుట్టూ చూసి, ఇల్లు చాలా విశాలంగా ఉందని మెచ్చుకుంది. ఈలోగా బిందె దొర్లింది. గుడ్డ ఊడింది.

సూరమ్మ గుండె బాదుకుంది. నాలుగు టైర్ల గాలి, ఒక్క చుక్క మిగల్లేదు. ఇంకేముంది, ఆరుగురూ మోకాళ్ళ మీద కూర్చుని, రోడ్డంతా తడుముతూ, ఒలికిన గాలిని దోసిళ్ళతో బిందెలోకి ఎత్తసాగారు. ఒకచోట ఎర్నాయుడి దోసిలీ ముత్యాలు దోసిలీ తగిలాయి. ఆ పిల్ల మూడోసారి నవ్వింది.

"మెల్లగా ఎత్తండి, మట్టి కలుస్తుంది," అంది.