నీలం తలుపు

మొరాకోలోని ఫెజ్ పాతనగరంలో ఫొటోలు తీయడం నేర్చుకుంటున్న జకరియాకు ఒక నీలం తలుపు కొరకరాని కొయ్యయింది. ఇత్తడి గుబ్బలు, పైన నగిషీ చెక్కిన దేవదారు కలప. చూస్తే కడుపు నిండిపోతుంది. కానీ కెమెరా ఎత్తగానే లోపలి ముసలావిడ ధడాలున మూసేసేది. మూసిన తలుపు ఫొటోలు బోలెడు వచ్చాయి. గురువు అబ్దుల్ హాదీ వాటిని చూసి పక్కన పెట్టేవాడు.

నెలాఖరులోగా గురువు మెచ్చే ఫొటో ఒక్కటైనా తీయకపోతే ఊరెళ్ళి నాన్న తోళ్ళ కొట్లో కూర్చోవాల్సిందే.

"వీధివీధంతా నన్ను చూసి మొహం తిప్పుకుంటోంది, సీదీ. పెద్ద లెన్సు కొననా? దూరం నుంచి తీసేస్తాను," అన్నాడు జకరియా గురువుతో.

గురువు కెమెరా తీసుకుని తన మెళ్ళో వేసుకున్నాడు. లోపల్నుంచి ఒక చెక్కపలక తెచ్చాడు. దాని మీద గుండ్రంగా తట్టిన పిండిముద్దలు. ఆ పేటలో రొట్టెలు ఇంట్లో కాల్చుకోరు, అందరూ వీధిపొయ్యికే పంపుతారు.

"కాల్పించుకురా," అన్నాడు.

జకరియాకు ఉక్రోషం ముంచుకొచ్చింది. కళ నేర్పమంటే రొట్టెలు మోయిస్తాడేమిటీయన? అయినా పలక నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు.

సందు మలుపులో "బాలక్! బాలక్!" అని కేక, తప్పుకోమని. ఎదురుగా మూటలతో కంచరగాడిద, సందంతా అదే. జకరియా వెనకున్న గుమ్మానికి అతుక్కుపోయాడు. పలక వాలింది, ముద్దలు జారాయి. అంతలో వీపు వెనకాల తలుపు తెరుచుకుని, ఒక చెయ్యి అతని చొక్కా పట్టి లోపలికి లాగేసింది.

నీలం తలుపు!

"పిండి మోయడం కూడా రాదట్రా నీకు?" ముసలావిడ కసురుతూనే ముద్దల్ని తట్టి సరిచేసింది. ఒకటి మాత్రం ఎంత తట్టినా సాగిపోయే ఉంది. "ఇదేం రొట్టెరా, చెప్పులా ఉంది!" అంటూ తలుపుకు చేరగిలబడి నవ్వసాగింది. జకరియాకూ నవ్వాగలేదు.

"కెమెరా ఏదీ ఇవాళ?"

"గురువుగారి దగ్గరుంది, లల్లా," అన్నాడు మర్యాదగా.

తిరుగుదారిలో వేడిరొట్టె ఒకటి ఇవ్వబోతే, ఆవిడ చెప్పులాంటిదాన్నే అడిగి తీసుకుంది.

మర్నాడు గురువు దగ్గర కెమెరా తీసుకుని వెళ్ళేసరికి తలుపు బార్లా తీసి ఉంది. "వచ్చావట్రా, రొట్టెలబ్బాయ్!" అంటూ ఆవిడ పిండిచేతులతోనే గుమ్మంలోకొచ్చింది. జకరియా కెమెరా ఎత్తినా తలుపు మూయలేదు.

ఆ ఫొటోను గురువు చాలాసేపు చూశాడు. దాని నిండా ఆవిడ నవ్వే. ఓ అంచున సన్నగా నీలంరంగు.

"కొట్లోకి ఇంకెవరినైనా చూసుకోమని మీ నాన్నకు కబురు పెట్టు," అన్నాడు గురువు చివరికి. "తలుపు భలే వచ్చింది."