ఇప్పచెట్టు లెక్కపెట్టింది

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ, ఎవరో బొటనవేలితో నొక్కినట్టు, ఒక చిన్న ఖాళీ జాగా. చుట్టూ ఎత్తైన చెట్లు. వాటిలో ఒకటి ముసలి ఇప్పచెట్టు.

ఒకనాడు విహారానికి వచ్చిన బడిపిల్లలు అక్కడ ఒక అట్టపెట్టె మరచిపోయారు. అందులో జానెడు రాకెట్టు ఉంది. అతికించే పని లేదు, రంగు వేసే పని లేదు. తోకలో మందుగొట్టం దూర్చి, ఇనుప కమ్మీకి తగిలించి, మీట నొక్కితే చాలు. గొట్టాలు మూడు. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. పెట్టె మీద బొమ్మలున్నాయి. చిన్న గొట్టం పక్కన చిన్న జాగా. పెద్ద గొట్టం పక్కన అంతులేని మైదానం.

కొండముచ్చు అప్పలకొండ మీట చేతిలోకి తీసుకున్నాడు. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ వద్దనలేదు. పడినదాన్ని వెతికి తెచ్చే పని ముంగిస నూకాలు మీద పడింది. అదీ ఎవరూ చెప్పలేదు. అలా జరిగిపోయిందంతే.

మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. ఆకు కదలడం లేదు. అడవిపందులు చుట్టూ మూగాయి.

"మూడు... రెండు..." అన్నాడు అప్పలకొండ.

"ఒకటి," అంది ఇప్పచెట్టు.

అప్పలకొండ ఉలిక్కిపడి మీట నొక్కేశాడు. రాకెట్టు బుస్సుమని లేచి, చెట్ల తలలు దాటి, ఎర్ర రిబ్బను విప్పుకుని దిగింది. దాని వంక ఎవరూ చూడలేదు. అందరూ చెట్టు వంకే చూస్తున్నారు. కొమ్మల్లో ఒక్క పిట్ట కూడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం రెండో చిన్న గొట్టం.

"కమ్మీ ఇటు వాలింది. సరిచెయ్యండి," అంది చెట్టు. గొంతు సన్నగా, నీరసంగా ఉంది.

"దెయ్యం!" అన్నాడు అప్పలకొండ. "చెట్టులోంచి ఆడగొంతు వస్తే ఇంకేంటి? ఎవరూ పలక్కండి. పలికితే పట్టుకుంటుంది."

కళ్లు మూసుకుని మీట నొక్కాడు. రాకెట్టు వంకరగా పోయి ఇప్పచెట్టుకే కొట్టుకుని, ఒక కొమ్మలో చిక్కుకుంది.

నూకాలు చెట్టెక్కింది. బెరడు మీద నల్లటి మచ్చ ఇంకా పొగలు కక్కుతోంది. దానికి జానెడు పైన మట్టితో మూసేసిన తొర్ర. మట్టి మధ్యలో సన్నటి చీలిక. చీలికలో ఒక కన్ను.

కన్ను రెప్ప వేసింది.

నూకాలు వెన్ను మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కాళ్లు పారిపొమ్మన్నాయి. అయినా అడిగింది. "ఎవరమ్మా?"

"పైడమ్మని. కొమ్ముముక్కు పిట్టని. గుడ్లు పెట్టాక మేమిలాగే తలుపు మూసుకుని కూర్చుంటాం. రెక్కల ఈకలు రాలిపోయాయి. ఎగరలేను."

"మరి తిండి?"

"మా ఆయన తెచ్చి చీలికలోంచి పెట్టేవాడు. నిన్న ఆ చప్పుడుకి పోయినవాడు మళ్లీ రాలేదు. పాపం, ఆయనది సున్నితమైన గుండె."

"నిన్న లెక్కెందుకు పెట్టావమ్మా?"

"లోపల నేనున్నానని మీకు తెలియాలి కదా."

నూకాలు చిక్కుకున్న రాకెట్టు తీసుకుని గబగబా దిగింది. "అప్పలకొండ బావా, అది దెయ్యం కాదు, గుడ్లు పొదిగే తల్లి! పెద్ద గొట్టం ఇక్కడ వద్దు. ఈ జాగా ఎంతుందో నీకు తెలీదు. రోజూ తిరిగేది నేను."

"ఏరుకొచ్చేదానివి ఏరుకురా. ఎగరెయ్యడం నాకు నేర్పకు. దెయ్యంతో మాట్లాడొచ్చావు, నీకూ పట్టినట్టుంది."

పందులు నవ్వాయి. నవ్వుతూనే నూకాలుకి రెండడుగులు దూరం జరిగాయి.

మూడో మధ్యాహ్నం అప్పలకొండ పెద్ద గొట్టం దూర్చాడు. నూకాలు చేయగలిగింది ఒక్కటే. పరుగున వెళ్లి కమ్మీని నిటారుగా నిలబెట్టింది. రాకెట్టు సరాసరి పైకి పోయి, చుక్కయి, మాయమైంది. చాలాసేపటికి వాగు అవతల ఎక్కడో టప్పుమంది.

"పోయి తే," అన్నాడు అప్పలకొండ.

"ఎగరేసినవాడివి, నువ్వే తెచ్చుకో," అని నూకాలు మేడిపళ్లు ఏరడానికి వెళ్లిపోయింది.

పందులు వాగు ఒడ్డునే ఆగాయి. అప్పలకొండ ఒక్కడే దాటాడు. రాకెట్టు ఒక ఎండుమానులో, లోతైన తొర్రలో పడి ఉంది. అందుకోబోయి లోపలికి జారాడు. నడుం దాకా, మెడ దాకా, నిండా ఇరుక్కున్నాడు.

"ఎవరైనా రండర్రా!" అని అరిచాడు. తొర్రలో నలిగిన ఆ గొంతు సన్నగా, నీరసంగా బయటికొచ్చింది.

"చెట్టులోంచి ఆడగొంతు!" అంది ఒక పంది.

"పలక్కండర్రా!" అంది ఇంకోటి.

"నేను దెయ్యాన్ని కాదు!" అంది గొంతు. ఆ మాటకి పందులు ఇంకా వేగంగా పరిగెత్తాయి. గిట్టల చప్పుడు దూరమై ఆగిపోయింది. చీకటి తొర్రలో అప్పలకొండకి తన ఊపిరి తప్ప ఇంకేం వినపడలేదు.

నూకాలు ముందు పైడమ్మకి చీలికలోంచి కడుపునిండా పళ్లు పెట్టింది. నీడలు సాగినా అప్పలకొండ రాకపోయేసరికి వాగు దాటింది.

"ఎవరమ్మా?" అంది మాను బయట నిలబడి.

"నేనే... అప్పలకొండని."

"అలాగా. పేరు చెబితే నమ్మేవాళ్లు కూడా ఉండాలి, చూశావా బావా?"

పుచ్చిన మొదలు గోళ్లతో తవ్వి అతన్ని బయటికి లాగింది.

మర్నాడు మధ్యాహ్నం పళ్లు పట్టుకుని ఇప్పచెట్టెక్కింది అప్పలకొండే. లోపలినుంచి ఈసారి మూడు గొంతులు వచ్చాయి. వాటిలో రెండు అతను ఎన్నడూ విననివి. అప్పలకొండ పారిపోబోయి, ఆగాడు.

"ఎవరమ్మా?" అన్నాడు.

నీతి: చిన్న చోట పెద్ద మంట పెట్టే ముందు అక్కడ ఇంకెవరున్నారో అడగాలి. బదులిచ్చిన గొంతును దెయ్యమన్నవాడి గొంతు, ఆపదలో అందరికీ దెయ్యంలాగే వినిపిస్తుంది.