గరిటె ఎత్తి అడిగిన మాట

ఇమాం వలి అడిగినదానికి జనం నిజం చెప్పడం లేదు. అదీ అతని బాధ.

ఆ ఏడు మెట్టసీమలో వాన పడలేదు. గొడ్లను అయినకాడికి అమ్ముకుని, సామాను మూటగట్టుకుని జనం కనుమ దాటి దిగువకు పోతున్నారు. కనుమ మొదట్లో ఒక దర్గా ఉంది. అక్కడ నూరుల్లా బాబా రోజూ పొద్దున్నే పెద్ద డేగిసాలో జొన్న అంబలి కాయించి, వచ్చినవాళ్లందరికీ పోయించేవాడు. పోసే పని శిష్యుడు వలిది.

జొన్నలు కిందూరి షావుకార్లు ఇచ్చేవారు. వాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఎవరు తింటున్నారు, ఏ ఊళ్లు ఖాళీ అవుతున్నాయి, తిన్నవాళ్లు కాస్తయినా కోలుకుంటున్నారా, ఇవి తెలిస్తే ఇంకా ఇస్తామన్నారు. మంచి మాటే. అదంతా తాను కనుక్కొస్తానని వలి ముందుకొచ్చాడు. బాబా వద్దనలేదు. ఊఁ అని కూడా అనలేదు.

మామూలుగా అడిగితే జనం ముఖం తిప్పుకునేవారు. అందుకని వలి ఒక ఉపాయం పట్టాడు. గరిటె నిండా అంబలి ముంచి, చిప్ప మీదికి ఎత్తిపట్టి, అప్పుడు అడిగేవాడు. ఏ ఊరు, ఎందుకొచ్చారు, ఎంతమంది. చెప్పాకే గరిటె వంచేవాడు. నోళ్లయితే తెరుచుకున్నాయి. కానీ ఒకే ఊరి నుంచి దిగినవాళ్లు తలా ఒక ఊరి పేరు చెప్పేవారు. ఎలా ఉన్నావంటే, డొక్క వీపుకంటుకున్నవాడు కూడా బాగున్నాననేవాడు.

"పిల్లనిచ్చేటప్పుడు మా మామ కూడా ఇన్ని అడగలేదు నాయనా," అన్నాడు వరసలో ఒక ముసలాయన. అందరూ నవ్వారు. వలి నవ్వలేదు.

ఒకరోజు సుంకమ్మ అనే ఆమె వచ్చి చిప్ప చాపింది. వలి గరిటె ఎత్తిపట్టి, పిల్లలెంతమందని అడిగాడు. ముగ్గురంది. వలి వంగి ఆమె వెనక్కి చూశాడు. కొంగు పట్టుకుని ఇద్దరే ఉన్నారు.

"గరిటెడు అంబలికి అబద్ధమెందుకమ్మా? అడిగితే పొయ్యనా?"

అక్కడున్న అందరికీ వినబడింది.

సుంకమ్మ చిప్ప వెనక్కి తీసుకుంది. పిల్లలిద్దరి రెక్కలూ పట్టుకుని కనుమ దారి పట్టింది. చిన్నపిల్ల డేగిసా వైపే తల తిప్పుకుని నడిచింది. వలి రెండుమూడు సార్లు పిలిచాడు. ఆమె ఆగలేదు.

వెనక నిలబడ్డ ఆడమనిషి నెమ్మదిగా చెప్పింది. "మొన్నటిదాకా ముగ్గురే అబ్బాయ్. చిన్నోణ్ణి వాగు గట్టున పూడ్చిపెట్టి వచ్చినాం."

వలి ముఖం మాడింది. కానీ తప్పు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆ మాట ముందే చెప్పొచ్చు గదా, పోయినవాణ్ణి కూడా కలిపి చెబితే తనకెలా తెలుస్తుందని బాబా దగ్గర వాదించాడు.

బాబా లేచి వచ్చాడు. వలి చేతిలోని గరిటె తీసుకున్నాడు. ఒక ఖాళీ చిప్ప అతని చేతికిచ్చి, పోయి వరసలో నిలబడమన్నాడు. వలి నిలబడ్డాడు. అతనూ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. వంతు వచ్చేసరికి ఆకలి దంచుతోంది. బాబా గరిటె ముంచి, చిప్ప మీదికి ఎత్తిపట్టాడు.

"ఏ ఊరు?"

వలి చెప్పాడు.

"మీ అమ్మకు ఎంతమంది?"

"నలుగురం, బాబా."

అనేశాక గాని తానేమన్నాడో అతనికి వినబడలేదు. పోయిన కరువులో వాళ్లూ ఈ దారినే దిగారు. చెల్లెలు కనుమలోనే పోయింది. బతికున్నన్నాళ్లూ అమ్మ, ఎవరడిగినా నలుగురనే చెప్పేది.

బాబా గరిటె వంచాడు. మళ్లీ ముంచి వంచాడు. నలుగురికీ పోశాడు. చిప్ప నిండి, అంబలి వలి వేళ్ల మీదుగా కారింది. కాలుతోంది. వలి చెయ్యి తియ్యలేదు.

"కనుమ దాటితే పొద్దు గూకేదాకా నీళ్లు కూడా దొరకవు," అన్నాడు బాబా. "పో. ఆ తల్లి కనబడితే పోసి రా. ఏమీ అడక్కు."

వలి అంబలి ముంతలో పోసుకుని పరుగెత్తాడు. కనుమ అవతల దారి రెండుగా చీలింది. కాలవ తవ్వకానికి పోయేవాళ్లు ఎడమకు తిరుగుతారు. నాట్లకు పోయేవాళ్లు కుడికి తిరుగుతారు. రెండు దారుల్లోనూ మనిషి జాడ లేదు. రాతినేల, అడుగులు పడవు.

ఇన్నాళ్లూ ఎక్కణ్ణుంచి వచ్చావని ప్రతివాణ్ణీ అడిగాడు. ఎక్కడికి పోతున్నావని ఒక్కరినీ అడగలేదు.

ముంత రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. అంబలి చల్లారిపోయింది.