దివ్యంగా ఉందండి

భీమవరం జగ్గరాజు ఊళ్లోవాళ్ల సంగతులన్నీ ఆరా తీసేవాడు గానీ, ఒంట్లో ఎలా ఉందని తననెవరైనా అడిగితే మాత్రం ప్రాణం మీదికొచ్చినా "దివ్యంగా ఉందండి" అనేవాడు. బాధ చెప్పుకుని ఎదుటివాళ్లను నొప్పించడం మర్యాద కాదని ఆయన నమ్మకం.

ఆయనకు క్యాన్సర్ ముదిరింది. ఉన్న మందులేవీ పనిచేయలేదు. విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రిలో డాక్టర్ నిరుపమ కొత్త మందు సంగతి చెప్పింది. "ఇది తొలి దశ పరీక్షండి. జబ్బు తగ్గుతుందని మాటివ్వలేను. మనిషి ఎంత మోతాదు తట్టుకోగలడో ముందు తెలుసుకోవాలి."

జగ్గరాజుకు కుతూహలం ఆగలేదు. "దేంతో చేశారండి? నాకంటే ముందు ఎవరేసుకున్నారండి? చేదుగా ఉంటుందా అండి?" అంటూ ఆవిడను ఊపిరి తీసుకోనివ్వలేదు. అన్నీ విని సరేనన్నాడు.

కొన్నాళ్లకు అరికాళ్లు తిమ్మిరెక్కాయి. నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. డాక్టర్ అడిగినప్పుడల్లా మాత్రం అదే జవాబు. అంత ఆప్యాయంగా చూసే మనిషి ఇచ్చిన మందుకు వంక పెట్టడమా! పైగా, చెబితే మందు ఆపేస్తారేమోనన్న భయం కూడా లోపల ఉండేది.

ఒకరోజు ఆసుపత్రి వరండాలో నరసాపురం రత్నమ్మ లేసు అల్లుకుంటూ కనిపించింది. ఆరా తీయకుండా ఉంటాడా? తన మందు డబ్బా చూపించి, "తమరికీ ఇదేనా అండి?" అన్నాడు.

"ఇదేనంటండి, రేపట్నుంచి. మీకన్నా ఎక్కువిస్తారంట."

జగ్గరాజు తిన్నగా డాక్టర్ గదికి వెళ్లాడు. "ఆవిడకెందుకండి ఎక్కువ?"

"ఈ మోతాదు మీకు పడింది కదండీ! మీరు బాగుందంటేనే తర్వాతవాళ్లకు పెంచుతాం."

ఆయన తలుపులోంచి వరండా కేసి చూశాడు. రత్నమ్మ వేళ్లు దారం మీద చకచకా ఆడుతున్నాయి. ఆ వేళ్లకు తిమ్మిరెక్కితే? సిగ్గుతో చితికిపోయాడు.

"ఆయ్, అబద్ధమాడానండి. నా కాళ్లు నా కిందున్నట్టే లేవండి."

నిరుపమ చెప్పు విప్పించి చూసింది. మడమ మీద పెద్ద పుండు. అది ఉన్నట్టు ఆయనకే తెలియదు! ఆవిడ కోప్పడలేదు. పైవాళ్లతో మాట్లాడి మోతాదు పెంచడం ఆపించింది. రత్నమ్మకు తక్కువ మోతాదుతోనే మొదలుపెట్టారు. జగ్గరాజు పుండు మానింది గానీ, పాదాలకు స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు.

తర్వాతోసారి రత్నమ్మ "ఎలా ఉందండి రాజుగారూ?" అనడిగింది.

"దివ్య..." అనబోయి నాలుక కరుచుకున్నాడు. "కాళ్లు మొద్దుబారాయండి. మీ వేళ్లెలా ఉన్నాయో మీరూ దాచకండి."

మన మాట నమ్మి మరొకరు అడుగు వేయబోతున్నప్పుడు, మొహమాటపడకుండా నిజం చెప్పడమే అసలైన మర్యాద.