వలందా గుడిలో దగ్గు

పగడాలదిబ్బకు వచ్చే భక్తులకు ముందుగా కనిపించేది వలందా గుడి అనే పాత చర్చి ముఖగోడ. పైకి పోనుపోను మెట్లు మెట్లుగా సన్నబడే ఆ గోడ మన వైపు కట్టుబడి కాదు. లోపల రెండు మూరల మందం సున్నపు గోడలు, ఓడ దూలాలతో వేసిన కప్పు, కాళ్ళ కింద సమాధి రాళ్ళు. ఆదివారం ఆరాధనకు పట్టుమని పదిమంది రారు. మిగతా రోజుల్లో సముద్రపు హోరు తప్ప పలకరించే దిక్కు లేదు. అయినా ఏటా వానాకాలంలో ఒక ఆదివారం ఊరంతా ఇక్కడ చేరి, ఎవరికీ అర్థం తెలియని ఒక ప్రార్థన చెప్పి, దాని నడుమ ఒక్కసారిగా దగ్గుతుంది. నవ్వొస్తే నవ్వండి, తప్పులేదు.

పూర్వం ఇక్కడ డచ్చి వర్తకులు ఉండేవారు. వారిని మనవాళ్ళు వలందా దొరలనేవారు. గుడి కట్టిన మేస్త్రి యోరిస్, మనవాళ్ళ నోట యోరయ్య. వర్తకం చితికి దొరలందరూ ఓడెక్కినా ఆయన ఎక్కలేదు. భార్యాబిడ్డలు ఈ రాళ్ళ కిందే ఉన్నారు మరి. తనవాళ్ళలో ఎవరు పోయినా తమ డచ్చి భాషలో ఆఖరి ప్రార్థన ఆయనే చెప్పేవాడు. ఇక తాను పోతే ఆ మాటలు చెప్పేవారెవరన్న దిగులు ఆయనకు పట్టుకుంది. పాపం, మాట కలిసేవాడు లేని ఒంటరితనం ఎంత బరువో ఆయనకే తెలియాలి.

ఎండుచేపలు తెచ్చే నూకాలుతో ఒకనాడు ఆ దిగులు చెప్పుకున్నాడు. ఆమె గంప దించింది.

"నాకు నేర్పు తాతా. నువ్ పోయినప్పుడు నేను సెప్తాను."

నాటి నుంచి ఆమె రోజూ గుమ్మంలో కూర్చుని నేర్చుకునేది. సున్నపు దుమ్ము మింగిన రొమ్ము కాబట్టి ఆయనకు ప్రతిసారీ సగంలో దగ్గు తెర వచ్చేది. నూకాలు అదీ ప్రార్థనలోదే అనుకుని దగ్గుతో సహా నేర్చుకుంది. మొత్తం అప్పగించిన రోజున యోరయ్య కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడట. దిద్దలేదు. ఆ వానాకాలంలోనే కన్నుమూశాడు. నూకాలు ఆయన పక్కన నిలబడి, దగ్గుతో సహా, ఒక్క ముక్క పోకుండా చెప్పింది. ఆపై ఏటా వానాకాలంలో ఆయన కోసం ఆమె అదే ప్రార్థన చెబుతుంటే, ఊరూ గొంతు కలిపి దగ్గుతో సహా నేర్చుకుంది.

తరువాతి కాలంలో ఒక పాదిరిగారు, దగ్గు ప్రార్థనలోది కాదు, మానేయండని నచ్చజెప్పారు. ఊరు సరేనంది. తీరా సగానికి వచ్చేసరికి అందరూ ఆగిపోయారు. ఆపై మాట ఎవరికీ అందలేదు. కాసేపు చూసి, పాదిరిగారే మెల్లగా దగ్గారు. ప్రార్థన సాగింది.

నేటికీ ఆ ప్రార్థన మొదలుపెట్టేది నూకాలు వంశపు ఆడపడుచే. నా అన్నవారు లేనివారు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆమె చెవిలో తమ పేరు చెప్పి వెళతారు. వారు పోయిన కబురు ఇంత దూరం రాదు. అందుకని ఆమె ఏటా ఆ పేర్లన్నీ తలుచుకునే మొదలుపెడుతుంది. మీకూ ఎవరూ లేకపోతే పేరు చెప్పి వెళ్ళండి. మీ కోసం కూడా ఊరంతా దగ్గుతుంది.