తొందరపడ్డ చింతపండు

అనగనగా ఒక అడవిలో, కార్తీకమాసం వచ్చిందంటే చాలు, జంతువులన్నీ ఉసిరిచెట్టు కింద ఒక్క పొయ్యి దగ్గరికే చేరేవి. వనభోజనాలు కదా మరి! ఎవరేం వండి తెచ్చినా, ఉలవచారు మాత్రం ఎలుగు మామ్మే కాచేది. ఉపవాసమున్న తాబేలు తాత ఆ చారు తాగాకే మరేదైనా ముట్టేవాడు. అందుకే తొలి దొప్ప ఎప్పుడూ ఆయనదే.

ఆ ఏడు మామ్మకు చేతులు నొప్పులు. తెడ్డు తీసుకెళ్ళి ముంగిస సింగారి చేతిలో పెట్టింది. సింగారి ఆ అడవికి కొత్తగా వచ్చిన కోడలు. ఆమెకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

"నిజంగా నేనేనా మామ్మా?"

"నువ్వే అమ్మా. మంట చిన్నగా ఉంచు. ఉలవ గింజ వేళ్ళ మధ్య వెన్నలా నలగాలి. నలిగేదాకా చింతపండు పులుసు పోయకు. ముందే పులుపు తగిలితే గింజ బిగుసుకుపోతుంది, ఇక ఉడకదు."

అలా చెప్పి మామ్మ ఏటి ఒడ్డున దీపాలు పెట్టడానికి వెళ్ళింది. సింగారి శివయ్యకు దణ్ణం పెట్టుకుని పొయ్యి రాజేసింది.

కాసేపటికి కోతి బావ కొమ్మ మీంచి దిగాడు.

"ఏం కోడలుపిల్లా, పొయ్యి వెలిగించావా, దీపం పెట్టావా? ఆ మంట నాకైతే కనబడటం లేదు."

"చారుకు అంతే మంట బావా," అని నవ్వింది సింగారి.

తరువాత కాకి అత్త వచ్చి కుండలోకి తొంగిచూసింది. "ఇవేం నీళ్ళే తల్లీ, గిన్నెలు కడిగినట్టున్నాయి?"

"చిక్కబడతాయి అత్తా. సారం దిగాలి."

చివరికి నెమలి బాబాయి పింఛం సవరించుకుంటూ వచ్చాడు. ముక్కు ఎగబీల్చాడు. "వాసనే లేదే. మా మామ్మ కాస్తే ఈపాటికి కొండ అవతలికి కొట్టేది. పొరుగడవి చెయ్యి కదా, ఏం చేస్తాంలే."

ఆ మాట సింగారికి ముల్లులా గుచ్చుకుంది. గింజ నొక్కి చూసింది. సగమే మెత్తబడింది. అయినా చింతపండు పులుసు ఎత్తి కుండలో పోసేసింది, కరివేపాకు దూసి వేసింది.

గుప్పుమంది వాసన! కోతి బావ చప్పట్లు కొట్టాడు. నెమలి బాబాయి ఆనందం పట్టలేక పురివిప్పి ఆడాడు. "మా కోడలు, మా కోడలు" అంటూ అందరూ గోల. సింగారి మనసు గాలిపటమైంది.

కానీ ఎంతసేపు కాగినా గింజ ఇంక మెత్తబడలేదు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. పొద్దు నడినెత్తికి వచ్చింది. తాబేలు తాత వచ్చి ఆకు ముందు కూర్చున్నాడు. చేసేది లేక సింగారి తొలి దొప్ప నింపి ఇచ్చింది.

తాత మెల్లగా తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"పులుపు బాగుంది తల్లీ. చారు ఎప్పుడు తెస్తావు?"

నెమలి బాబాయి ఎటో చూశాడు. సింగారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అదే చారు తాతా. వాసన రాలేదన్నారని, గింజ ఉడక్కుండానే పులుసు పోసేశాను. మామ్మ వద్దన్నా వినలేదు. నీ ఉపవాసం పాడుచేశాను."

ఏటి నుంచి వచ్చిన మామ్మ ఏదో అనబోయింది. తాత చెయ్యెత్తి ఆపాడు.

"నానిన ఉలవలు ఇంకా ఉన్నాయా?"

"రేపటికని నానేసినవి ఉన్నాయి," అంది మామ్మ.

"అయితే మళ్ళీ పెట్టు తల్లీ. నేను మడుగు నుంచి ఇక్కడికి నడిచిన దానికంటే ఆలస్యమవుతుందా ఏమిటి?"

ఒక్కసారిగా నవ్వులు. కోతి బావ పుల్లలు తెచ్చాడు. కాకి అత్త కుండ కడిగింది. నెమలి బాబాయిని మామ్మ దూరంగా కూర్చోబెట్టింది. ఈసారి సింగారి ఎవరి ముఖమూ చూడలేదు, గింజనే చూసింది. అది వెన్నలా నలిగాకే పులుసు పోసింది.

చుక్క పొడిచే వేళకు చారు తేనెలా చిక్కగా దిగింది. తాత తాగాడు. ఖాళీ దొప్ప మళ్ళీ ముందుకు చాచాడు.

నీతి: పదిమంది మెప్పు కోసం తొందరపడితే పని చెడుతుంది, పని పక్వానికి వచ్చేదాకా ఓపిక పడితే మెప్పు దానంతటదే వస్తుంది.